గంగులప్పకు బదులు

మా నాయన చావుబతుకుల్లో ఉన్నాడని కబురొచ్చిన వారంలోనే నేను నా జన్మలోకెల్లా గొప్ప ప్రసంగం చేశాను.

అనంతపురంలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే చదివే రోజులు. ప్రసంగం తోలుబొమ్మలాటలోని గంగులప్ప మీద. మా వైపు ఆడే కథలో వాడు కరువునాడు పెండ్లాన్నీ బిడ్డనీ ఏటి రేవులో వదిలేసి ఒంటరిగా వెళ్ళిపోతాడు. వాడి బొమ్మ తెరమీదికి రాగానే జనం పిడికిళ్ళతో మన్ను విసురుతారు.

అలాంటివాణ్ణి నేను ముప్పై రెండు పేజీల్లో మనిషిని చేశాను. నేను చదువుతుంటే హాల్లో ఫ్యాన్లు నిలిచిపోయాయి. కరెంటు పోయిందని గిట్టనివాళ్ళు చెబుతారు, నమ్మకండి. హైదరాబాదు నుంచి వచ్చిన ముగ్గురు పండితులు కండువాలతో కళ్ళొత్తుకున్నారు. ఇన్నాళ్ళకు గంగులప్పకు లాయరు దొరికాడురా అని హాస్టల్లో నన్ను భుజాల మీద ఊరేగించారు.

ఆ విద్య నాకు నేర్పింది జిలానీ మాస్టారు. మానవతావాద మనస్తత్వశాస్త్రంలో గురువుల్లో ఆయన్ని మించినవాడు లేడు, శిష్యుల్లో నన్ను మించినవాడు లేడు. ఆయన చెప్పేది మాత్రం చిన్న మాటే. మనిషిని తూచకండి, వాడి కళ్ళతో చూడండి. మనిషి అవసరాల నిచ్చెనలో ఆకలి మెట్టు మీదే నిలబడిపోయినవాణ్ణి పైమెట్టు ఎందుకెక్కలేదని అడగకండి.

ప్రసంగానికి ముందురోజు మా మేనత్త సుంకమ్మ తాడిపత్రి నుంచి వచ్చి డిపార్టుమెంటు వరండాలో కూర్చుంది. మా నాయన అక్కడి ధర్మాసుపత్రిలో ఉన్నాడట. నన్ను చూడాలంటున్నాడట. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కరువు సంవత్సరంలో, అమ్మనూ నన్నూ వదిలేసి పోయిన మనిషి.

"ఒక్కసారి మొగం సూపిచ్చి రా, నాయనా," అంది.

"నాకు నాయన లేడత్తా. రేపు నాకు సెమినారుంది," అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని లేచింది. మాస్టారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఏదో అడుగుతూ గేటు దాకా నడిచి వెళ్ళారు. తిరిగొచ్చి తన గదిలోకి వెళ్ళిపోయారు.

ప్రసంగం ముగిసిన మధ్యాహ్నం నన్ను గదికి పిలిచారు. పొగడ్తలు మోసుకెళ్ళడానికి రెండు చేతులూ చాలవనుకుంటూ వెళ్ళాను.

"గంగులప్పను బాగా అర్థం చేసుకున్నావు," అన్నారు. "ఒక్క దిద్దుబాటుంది."

పెన్సిలు తీసి, మొదటి పేజీలో గంగులప్ప పేరు కొట్టేసి, దాని పైన ఇంకో పేరు రాశారు. ఎర్రిస్వామి. మా నాయన పేరు.

"అన్ని చోట్లా ఇట్లే మార్చి, నీ చేత్తో మళ్ళీ రాసుకొని రా."

కథలో మనిషి వేరు, బతుకులో మనిషి వేరు అని గంటసేపు వాదించాను. ఆ వాదనకు హైకోర్టు జడ్జీలైనా తీర్పు మార్చుకునేవారు. మాస్టారు పెన్సిలు చెక్కుకుంటూ విన్నారు.

"మరి ఇన్ని పేజీలు ఎవరి గురించి రాసినావు?"

మరునాడు ఆదివారం. పొద్దున్నే హాస్టల్ గదిలో కూర్చున్నాను. కోపంతో నా చెయ్యి రైలింజన్‌లా పరుగెత్తింది. పదకొండో పేజీలో, హాలంతా చప్పట్లు కొట్టిన చోటు వచ్చింది.

"ఎర్రిస్వామి చెడ్డవాడు కాదు. బిడ్డ కళ్ళల్లో తన ఖాళీ చేతులు చూసుకోలేకపోయాడు."

పెన్ను ఆగిపోయింది.

ఆయన వెళ్ళిపోయిన రోజు పొద్దున నా చేతిలో సంగటిముద్ద పెట్టాడు. నిమ్మకాయంత. "ఇంతేనా?" అన్నాను నేను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

వెయ్యి కథలు చెప్పినవాణ్ణి, ఆ మాట ఎక్కడా చెప్పలేదు. ఇక్కడి నుంచి ఏదీ పెంచి చెప్పను. నా వ్యాసం ముప్పై రెండు పేజీలు కాదు, పద్దెనిమిది.

అట్లే లేచి తాడిపత్రి బస్సెక్కాను. దిగి ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. మంచం ఖాళీగా ఉంది. సుంకమ్మత్త పక్కనే కూర్చుని దుప్పటి మడుస్తోంది. తెల్లవారుతూనే పోయాడని చెప్పింది. వెనక వసారాలో పడుకోబెట్టారట. నన్ను తిట్టలేదు. కొంగుముడి విప్పి, ఆసుపత్రిలో రోగులకిచ్చే రొట్టె ముక్కలు రెండు నా చేతిలో పెట్టింది.

"తినకుండా ఎత్తిపెట్టినాడు. మావాడు దూరం నుంచి వస్తాడు, ఆకలిగొని ఉంటాడు అని."

గట్టిపడిపోయాయి. అక్కడే నిలబడి రెండూ తిన్నాను.

దినాలు అయ్యాక కాలేజీకి వెళ్ళి, రాసినంతా మాస్టారి బల్ల మీద పెట్టాను. పదకొండు పేజీలు. పదకొండోది సగమే. ఆయన అద్దాలు పెట్టుకుని మొదటి నుంచీ నిదానంగా చదివారు. పెన్సిలు ముట్టుకోలేదు.

"ఇంతే, సార్," అన్నాను.

ఆయన కాగితాలు సర్ది, వాటిని రెండు చేతులతో తన దగ్గరికి తీసుకున్నారు.

"చాలు, నాయనా."