తాబేలు ముద్ర కింద చీలిక

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలు తుప్పుపట్టే ఒక రేవు పట్నం. ఆ పట్నాన్నేలే విజయకేతు మహారాజుకు ఓడలంటే ప్రాణం. కొత్త ఓడ కట్టాలంటే ముందు దాని బుల్లి నమూనా చేయించి, కళ్ళారా చూసి, నచ్చితేనే వడ్రంగులకు మాను కొట్టమని సెలవిచ్చేవాడు.

ఆ నమూనాలు చేసేది పైడమ్మ. చేయి తిరిగిన మనిషి. ఈసారి నమూనా నచ్చితే ఆస్థాన శిల్పి పదవి ఇస్తానన్నాడు రాజు. అంతే, పైడమ్మకు ఆశ పుట్టింది. అందం కోసం ఓడ ముక్కును బాగా ముందుకు సాగదీసింది. నీలిరంగు వేసి ఎర్ర అంచు దిద్దింది. ఆరాక తొట్టిలో తేలవేసి, బరువుకు గులకరాళ్ళు పేర్చింది. ముక్కు మొదట్లో టప్పుమని సన్నగా చీలింది.

సాగదీసిన ముక్కు బరువు మోయలేదని ఆమెకు తెలిసిపోయింది. మళ్ళీ చేద్దామంటే గడువు లేదు. ఏం చేసింది? రాజుగారి తాబేలు ముద్ర తీసింది. అది జిగురు కాగితం మీద రాసిన బొమ్మ. నీళ్ళలో నానబెడితే ఉల్లిపొరలా ఊడి వస్తుంది. ఎప్పుడూ ఓడ వెనక అంటించే ఆ బొమ్మను ముందుకు తెచ్చి, సరిగ్గా చీలిక మీదికి జార్చి, తడిగుడ్డతో అద్దింది. అది ఆరాక పైన తేటగా మెరుగునూనె పూసింది.

"ఇక బ్రహ్మదేవుడికి కూడా కనబడదు" అనుకుంది.

పూత ఆరింది. ఎండలో పెట్టి చూస్తే తాబేలు వీపు మీద వెంట్రుకంత గీత. ఇంకో పూతకు పూడిపోతుందిలే అని రెండోది వేసింది. ఓడ మరింత మెరిసింది. గీత కూడా మరింత మెరిసింది.

పైడమ్మ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఓడను చూడాలనిపించేది. చూస్తే ఆ గీతే కనబడేది.

గోడమీది బల్లి ఇదంతా చూస్తూనే ఉంది. "పైడమ్మా, మెరుగు అద్దంలాంటిది. అద్దం ఎవరి మొహాన్నయినా దాచిందా?" అని అడిగింది.

"నీ పురుగుల సంగతి నువ్వు చూసుకో" అని కసిరి, పైడమ్మ మూడో పూత వేసింది.

అంతలో సరంగు ఎర్రన్న వచ్చాడు. కొత్త ఓడను నడపబోయేది అతనే. నమూనా చుట్టూ తిరిగి మురిసిపోయాడు.

"ముక్కెంత బాగా తీసినావక్కా. మా బావమరిదిని కూడా దీంట్లోనే ఎక్కిస్తాను. మా అత్తకి మాటిచ్చేసినాను" అన్నాడు.

పైడమ్మ "ఊఁ" అంది. ఆ పూట ముద్ద గొంతు దిగలేదు.

మర్నాడు సభలో రాజు ఓడను అటూ ఇటూ తిప్పి చూశాడు. "తాబేలు ముందుకొచ్చిందేం?" అన్నాడు. పాపం, ఊరికే అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పైడమ్మకు ముచ్చెమటలు పోశాయి.

"కొత్త పద్ధతి మహారాజా" అంది.

రాజు మెచ్చుకుని, మాను కొట్టమని చెప్పడానికి వడ్రంగులవైపు తిరిగాడు. సభలో ఓ మూల ఎర్రన్న తన బావమరిది భుజం మీద చెయ్యివేసి నవ్వుతున్నాడు. పైడమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. ముందుకు దూకి, బొడ్లో దోపుకున్న ఉలి తీసి, మూడు పూతల్నీ తాబేలునూ ఒక్కపెట్టున గీకేసింది. చీలిక బయటపడింది.

"ఇంత మంచి పనిని చేతులారా చెడగొట్టుకున్నావే" అన్నాడు రాజు.

"చెడింది ఎప్పుడో ప్రభూ. ఇప్పుడు కనబడేట్టు చేశానంతే. పదవికి ఆశపడి ముక్కు సాగదీశాను. ఇలాగే కడితే ఓడ నడిసముద్రంలో విరుగుతుంది. తెలిసీ దాచాను. సిగ్గుగా ఉంది."

రాజు చీలిక మీద వేలు పెట్టి చూశాడు. "పదవి మాట మరిచిపో. ముక్కు తగ్గించి మళ్ళీ చేసుకురా" అన్నాడు చివరకు. పైడమ్మకు బాధ కలగలేదంటే అబద్ధం. అయినా ఆ రోజు ఇంటికి వెళ్ళి కడుపునిండా తింది.

ఆ కొత్త నమూనా ప్రకారం పొట్టిముక్కు ఓడ తయారైంది. చూసినవాళ్ళంతా బాతులా ఉందని నవ్వారు. ఆ బాతే పెనుతుపానులో చిక్కుకుని, తెరచాప చిరిగిపోయినా, అందరినీ ప్రాణాలతో రేవుకు తెచ్చింది. ఎర్రన్న తడిబట్టలతోనే పరుగున వచ్చి పైడమ్మ ముందు కూలబడి ఏడ్చాడు. అది చూసిన రాజు, "ఇకమీదట పైడమ్మ సరేనన్నాకే ఈ రాజ్యంలో మాను కొట్టాలి" అని శాసనం చేశాడు.

తప్పు మీద మెరుగు పూస్తే తప్పే మెరుస్తుంది. ఒప్పుకుంటేనే ఒడ్డు చేరేది.