మూడో పిలుపు

బడాయి అంటే ఏమిటో మీలో ఎవరైనా చెప్పగలరా? గొప్పలు చెప్పుకోవడమా? అబ్బే, అది చిన్నపిల్లలూ చేస్తారర్రా! అసలు సిసలు బడాయి ఎలా ఉంటుందో చెప్తాను, ఊ కొట్టండి మరి.

అనగా అనగా ఓ ఊరు, ఆ ఊరికో పెద్దమనిషి, పేరు భుజంగరాయుడు. పెద్దరికం ఎవరిచ్చారంటారా? అడిగితే ఎవరూ ఇవ్వరని తనే తీసేసుకున్నాడు. ఆ ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో ఆయన ముద్ద ఎత్తనిదే ఇంకెవరూ ఎత్తకూడదు. అది కట్టుబాటు. ఆయనేమో మొదటి పిలుపుకి కదలడు, రెండో పిలుపుకి "చూద్దాంలే" అంటాడు. మూడోసారి బాజాలతో వెళ్ళి పిలవాలి. పోనీ ఇంట్లో ఏ రాచకార్యం వెలగబెడుతున్నాడా అంటే, పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని తలుపు వెనకాలే నిలబడి ఉంటాడు!

ఓసారి వీధి చివర పెళ్ళి. విస్తళ్ళు వేశారు, వడ్డించారు, రెండుసార్లు పిలిచొచ్చారు. రాయుడుగారి కోడలు మాణిక్యం చంకలో పిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి వేలాడిపోతోంది. ముద్ద పెడదామంటే కట్టుబాటాయె! పెళ్ళికూతురి తండ్రి బాజాలవాళ్ళని కేకేశాడు. మాణిక్యం లేచింది.

"ఆగండి బాబాయ్! మా మావయ్యగారికి మనలాగా ఆకలీ గీకలీ ఉంటాయా ఏమిటి? అంతటివారిని అన్నానికి రమ్మని అవమానించకండి. మనం కానిద్దాం" అంటూ పిల్ల నోట్లో ముద్ద పెట్టేసింది.

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అంతే, బంతి బంతంతా పప్పన్నం కలిపేసింది.

ఊ కొడుతున్నారా? అక్కడ తలుపు వెనక పులిహోర వాసన వచ్చింది, పిలుపు రాలేదు. దప్పళం వాసన వచ్చింది, పిలుపు రాలేదు. కాగిన నేతి వాసన కూడా వచ్చింది, పిలుపు మాత్రం రాలేదు. బాజాలు మోగాయి! రాయుడు మీసం దువ్వాడు. తీరా చూస్తే అవి పెళ్ళికొడుకు ఊరేగింపుకి.

పొద్దువాలాక కడుపు గెలిచింది. తలుపు తనే తీసుకుని, ఎవరో తరుముతున్నట్టు వచ్చాడు. ఆఖరి బంతిలో వంటవాళ్ళూ బాజాలవాళ్ళూ తింటున్నారు.

"రండి మావయ్యగారూ, అప్పన్న పక్కన చోటుంది" అంది కోడలు, ఏమీ ఎరగనట్టు. డోలు వాయించే అప్పన్న జరిగాడు. రాయుడు కూర్చున్నాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు. కాసేపటికి, "అమ్మాయ్, బూరెలు ఇంకా ఉన్నాయా?" అన్నాడు, మెల్లిగా.

ఆనాటితో కట్టుబాటు పోయింది. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ ఊరంతా వేడన్నం తింది, ఆయనతో సహా. కడుపు కాలిపోతున్నా బాజాల కోసం చెవులు రిక్కించి నిలబడటం, అదర్రా బడాయి! ఎవరిలో కనబడినా మొహమాటపడకుండా ఆ మాట వాడండి.

కథ తన కాళ్ళమీద తను కంచి చేరింది, ఇక మనం పక్కలు చేరాలి. రేపు ఎక్కడైనా ఏ పెద్దమనిషి కోసమో అన్నం చల్లారిపోతుంటే, చూస్తూ కూర్చోకండి. పక్కనున్న పిల్లకి ముందు ముద్ద పెట్టండి.