నక్క ఇచ్చే పట్టా, ముంగిస వేసిన లెక్క

హంసినీ, ప్రణీత్, ముందు ఒక ప్రశ్న. మనల్ని బొత్తిగా ఎరగనివాడు ఇంటికొచ్చి తెగ పొగుడుతుంటే మొదట ఏం చూడాలి? ముఖమా? కాదురా. చేతిలో ఏం పట్టుకొచ్చాడో చూడాలి.

ఆ రోజు నక్క చేతిలో ఒక మోదుగాకు ఉంది.

రాళ్ళగుట్ట కింద కలుగులో ఒక ముంగిస, దాని తల్లి, ఇంకా కళ్ళు తెరవని చెల్లెళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. ముంగిసకు అడవి కావలిదళంలో చేరాలని కోరిక. గుడ్ల దొంగల్ని పట్టాలి, తగవులు తీర్చాలి, నలుగురూ మెచ్చుకోవాలి. ఆ సంగతి ఎలా పసిగట్టిందో, నేర న్యాయ విద్యాలయం నడిపే నక్క వచ్చి కలుగు ముందు కూర్చుంది.

"అబ్బో, ఆ చూపు చూడండి! దొంగ గుండె ఆగిపోదూ? నా దగ్గర రెండేళ్ళు నేర న్యాయం చదివి పట్టా పుచ్చుకున్నావంటే, నెలకు నలభై వేరుశనక్కాయల జీతం."

"మరి చదువుకు ఎంత?" అంది ముంగిస.

"ఇప్పుడు ఒక్క కాయ కట్టక్కర్లేదు తల్లీ! కొలువొచ్చాక నెలకు పన్నెండు. ఐదేళ్ళు. అంతే."

"కట్టలేకపోతే?"

ఊగుతున్న నక్క తోక టక్కున ఆగింది. "మంచి పని మొదలుపెడుతూ అదేం మాట? ఊరికే, పద్ధతి కోసం, ఈ కలుగు నా పేర రాస్తావు. ఇదిగో, ఈ ఆకు మీద కాలిముద్ర వెయ్యి."

తల్లి మురిసిపోయి కూతురి కాలు ముందుకు లాగింది. కూతురు వెనక్కి లాక్కుంది. "రేపు వేస్తాను మామా. కాలికి బురదుంది."

"బురదుంటేనే ముద్ర బాగా పడుతుందే!"

"రేపే."

ఒకరు అంత తొందరపెడితే మనకు అనుమానం రావాలి పిల్లలూ. రాకపోతే తెచ్చుకోవాలి.

ముంగిస తిన్నగా అడవి పొలిమేరకు వెళ్ళింది. అక్కడ కావలి కాస్తోంది ముళ్ళపంది.

"బాబాయ్, నీ జీతం నెలకు నలభై కాయలటగా?"

ముళ్ళపంది ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఎవరే చెప్పింది? నలభై మా దళపతి ఎలుగుబంటిది. అడవి మొత్తానికి దళపతి ఒక్కడే. నాకు ఇరవై."

"నక్క దగ్గర చదివావా?"

"లేదే. ఏ పట్టా లేకుండానే చేరాను. చేరాక దళంవాళ్ళే మూడు నెలలు పని నేర్పారు. నేర్పినన్నాళ్ళూ తిండి కూడా పెట్టారు. చదివింది అదుగో, ఆ కుందేలు."

కుందేలు చెవులు వేలాడేసుకుని వచ్చింది. "పాఠాలు మంచివే చెల్లీ. అడుగుజాడ చూసి దొంగ ఎంత పొడుగో చెప్పగలను. జీతం మాత్రం నాకూ ఇరవయ్యే."

ఇక్కడ ఆగి లెక్క వేయండి. ఇరవైలో పన్నెండు నక్కకు పోతే మిగిలింది ఎనిమిది. నెల తిండికి పదిహేను కావాలి. ఆ తక్కువైన ఏడు ఎక్కణ్ణుంచి?

ముంగిస కూడా అదే అడిగింది.

"నక్క దగ్గరే మళ్ళీ బదులు తెస్తున్నాను," అంది కుందేలు నేల చూస్తూ. "నా బొరియ దాని చేతికి వెళ్ళి రెండు వానాకాలాలైంది. పొద కింద పడుకుంటున్నాను."

"అయ్యో, ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నవ్వరూ? అంత చదివి ఈ మాత్రం లెక్క తెలియలేదా అని!"

మర్నాడు విద్యాలయం ముందు పెద్ద వరుస. ఉడుతలు, కౌజులు, ఒక అడవిపిల్లి. ముంగిస అందరికంటే ముందుకెళ్ళి నిలబడింది.

"మామా, కాలు కడుక్కొచ్చాను. ముద్ర వేసేస్తాను. ఆకు మీద ఒక్క మాట రాయి. నా జీతం నలభైకి తగ్గితే నీకు బాకీ లేదు."

నక్క పకపకా నవ్వింది. "రాసేదేముందే? నా నోటి మాట చాలు!"

"నోటితో అన్నదేగా, రాయడానికేం?"

"ఆకు మీద చోటు లేదు."

"తిరగేస్తే బోలెడు."

"రాసే పసరు అయిపోయింది."

ముంగిస దొప్పెడు పసరు ముందు పెట్టింది. "నేను తెచ్చాను."

నక్క దొప్ప వంక చూసింది, వరుస వంక చూసింది. ఉక్రోషం ఆపుకోలేకపోయింది. "అలా రాసుకుంటూ పోతే నేను బతికేదెలాగే!"

వరుస వెనకనుంచి ఒక ఉడుత, "అంటే నలభై రావన్నమాట!" అంది. కౌజులు ఎగిరిపోయాయి. అడవిపిల్లి అప్పటికే ముద్ర వేసిన తన ఆకును నక్క ఒళ్ళోంచి లాక్కుని పరపరా నమిలి మింగేసింది. నక్క ఒక్కటే మిగిలింది.

ముంగిస దళంలో చేరింది. మూడు నెలలు నేర్చుకుంది. ఇరవై తెచ్చుకుంటోంది, పదిహేను తింటోంది, ఐదు దాస్తోంది. చెల్లెళ్ళు ఆ కలుగులోనే కళ్ళు తెరిచారు. పాపం, కుందేలు అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

నీతి ఏమిటంటే: చదువుకు అప్పు చేసేముందు, దాంతో ఎంత సంపాదిస్తామన్నది ఆ కొలువులో ఉన్నవాళ్ళను అడగాలి, చదువు అమ్మేవాణ్ణి కాదు.

సరే, లేస్తాను. చింతపండు గింజలు తీయడం సగంలో వదిలేసొచ్చాను, ఇంకా బుట్టెడుంది.