దోసిలి వీరన్న కనుమ

ఎర్రదిన్నె గ్రామం దాటి నూనెరాతి కనుమ ఎక్కే దారిలో, మొదటి మలుపు వద్దనే శ్రీ దోసిలి వీరన్న స్వామివారి సన్నిధి ఉన్నది. స్వామి నిలువెత్తు శిల. ఆయుధమేదీ లేదు; రెండు చేతులూ దోసిలిగా నోటి వద్దకు ఎత్తి ఉంటాయి. ప్రతి సోమవారం స్వామికి నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దన చేసి, వెంటనే ఆ దోసిట్లో నీళ్ళు పోస్తారు. భక్తులు ప్రసాదపు నూనెను మోకాళ్ళకు పట్టించుకుని, తామూ నీళ్ళు తాగుతారు. తాగకుండా కొండ ఎక్కబోయే తొందరపాటు మనుషులను అర్చకులు చెయ్యి పట్టుకుని మరీ వెనక్కి తెస్తారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండ మొదట్లో ఓబులమ్మ అనే ముసలామె గుడిసె మాత్రం ఉండేది. కనుమ మీదుగా ఉప్పు మూటలు మోసే కూలీలకు ఆమె ఒళ్ళు పట్టేది. మర్దన కాగానే ముంతెడు నీళ్ళు తాగించనిదే ఎవరినీ లేవనిచ్చేది కాదు. "నువ్వు నీళ్ళు తాగితేనే నా పని అయినట్టు" అనేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చెలమ ఎండిపోయింది. గుడిసె లోపల కూతురు తిమ్మక్క పచ్చి బాలింత, పైగా జ్వరం. ఇంట్లో మిగిలింది ఒక్క ముంత నీరు. ఆ మిట్టమధ్యాహ్నమే ఒక బాటసారి ఉప్పు మూట దించి గుమ్మంలో కూలబడ్డాడు. అతని అవస్థ చూసి ఓబులమ్మ చేతులు ఊరుకోలేదు. మెడ నుండి మడమల దాకా ఒళ్ళు పట్టింది. అతడు లేచి కూర్చుని దోసిలి పట్టాడు.

"ఒళ్ళు తేలికైందమ్మా. ఇన్ని నీళ్ళు పొయ్యి."

ఓబులమ్మ తల వంచుకుని, "నీళ్ళు లేవు నాయనా" అన్నది. అతడు మూట ఎత్తుకుని కనుమ దారి పట్టాడు.

కన్నతల్లి ఎవరైనా ఆ మాటే అనేది. ఆమెను తప్పు పట్టడానికి మనకు నోరు రాదు. కానీ లోపలినుండి తిమ్మక్క అంతా విన్నది. "అమ్మా, సగం నాకియ్యి, సగం ఆయనకు తీసుకపో. బిరాన పో" అన్నది. కూతురి నోట సగం పోసి, మిగతా సగంతో ఓబులమ్మ కనుమ ఎక్కింది.

మొదటి మలుపులో ఉప్పు మూట కనిపించింది. పక్కన మనిషి లేడు. దోసిలి పట్టిన శిల ఉన్నది.

ఆమె బావురుమన్నది. "తెచ్చినాను నాయనా, తాగు" అంటూ ఆ రాతి దోసిట్లో నీళ్ళు పోసింది. ఒక్క చుక్కా కింద పడలేదు. దోసిలి ఖాళీ అయింది. ఆ వెంటనే స్వామి పాదాల వద్ద నేల చెమ్మగిల్లి, ఊట పొంగింది. ఆ నీటితోనే తిమ్మక్క కోలుకున్నది, బిడ్డకు పాలు పడ్డాయి.

ఊట నేటికీ ఉన్నది. మర్దన చేయించుకుని ఈ నీరు తాగినవారికి ఒంటి నొప్పులు తీరుతాయని, బాలింతలకు మేలు జరుగుతుందని భక్తుల విశ్వాసం. ఎర్రదిన్నెలో మరొక ఆచారమూ ఉన్నది. ఏ గుమ్మంలో దాహమడిగినా, కుండ అడుగంటి ఉన్నా సరే, "నీళ్ళు లేవు" అనే మాట ఎవరి నోటా రాదు. "కూర్చో నాయనా, తెస్తాను" అంటారు. అని, బిందె చంకన పెట్టుకుని బయలుదేరతారు.