రెండూళ్ళ బియ్యం, ఒక్క కుండ

అనగనగా ఒక ఊరు కాదే, రెండూళ్ళు! మధ్యలో ఒక పంటకాలవ. ఇవతల పెసరదిబ్బ, అవతల నీలాలవలస. ఎప్పుడో తాతలనాడు కాలవ నీళ్ళ కోసం కొట్టుకున్నారు. అంతే, అప్పట్నించీ ఈ ఊరోళ్ళు ఆ ఊరోళ్ళతో మాట్లాడరు. ఇక్కడి గేదె అటు ఈదుకుంటూ పోతే దానిక్కూడా మొహం తిప్పేసేవారు. అంత పంతం!

పెసరదిబ్బలో వరహాలని ఒక పిల్ల ఉండేది. నోరు ఇంత. అచ్చం నీలాగే. నీలాలవలసలో గంగులని ఒక కుర్రాడు ఉండేవాడు. ఈమె ఇవతల బట్టలుతికేది, అతను అవతల గేదెల్ని కడిగేవాడు. చూసుకున్నారు, నవ్వుకున్నారు, పెళ్ళి చేసుకుంటామన్నారు.

అప్పుడు రెండూళ్ళూ గొల్లుమన్నాయి. అరిచి అరిచి అలిసిపోయాక పెద్దలు ఒక మెలిక పెట్టారు. "తాళి కట్టేముందు రెండిళ్ళ బియ్యం ఒక్క కుండలో పోసి వండాలి. అది రెండూళ్ళోళ్ళూ తినాలి. పెళ్ళిరోజు అప్పటిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఏ ఒక్కరు తినం అన్నా పెళ్ళి లేదంతే." దానికి కలబోత అని పేరు కూడా పెట్టేశారు. బియ్యం పోసేటప్పుడు ఏదో ఒక మంచి మాట చెప్పాలి కదా, అది కట్టే పని వరహాలుకే అప్పజెప్పారు.

ఓస్, ఇంతేనా అనుకుంది వరహాలు. మర్నాడే ఒక మాట కట్టింది. "మా బియ్యం మీ కుండలో పోస్తున్నాం."

గంగులు మేనత్త బంగారి కయ్యిమంది. "ఏమ్మా, మా ఇంట్లో గింజల్లేవా? ముష్టేస్తున్నావా?"

సరే అని ఇంకోటి కట్టింది. "మా బియ్యం మీ బియ్యంలో కలిసిపోయింది."

ఈసారి సొంత పెదనాన్న సన్యాసి లేచాడు. "కలిసిపోవడమేంటే? ఎర్రగా నిగనిగలాడే దంపుడు బియ్యం మనది. ఎక్కడున్నా కనబడుద్ది!"

ఆ తర్వాత మూడోది. "ఇకనించీ మీరూ మేమూ ఒకటే."

"ఒకటే అయితే కాలవ తప్పు ఎవరిదో తేల్చండి ముందు!" అని రెండువైపులా మొదలెట్టారు. పోయింది మూడోదీ!

వరహాలుకి అన్నం సయించట్లేదు. మాట లేకపోతే కలబోత లేదు, కలబోత లేకపోతే గంగులు లేడు. గంగులేమో కాలవ అవతల నించి అరిచేవాడు. "వరాలూ, దొరికిందా మాట?"

"దొరికితే నీకు చెప్పకుండా నములుకు తింటానా? పో, గేదెల్ని కడుక్కో!" అనేది. కానీ అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది, పాపం.

పెళ్ళిరోజు రానే వచ్చింది. కాలవగట్టు మీద పందిరి. పొయ్యి మీద పేద్ద కుండ. ఎసరు కుతకుతలాడుతోంది.

ఇప్పుడు చూడవే తమాషా. దంపుడు బియ్యం ఉడకడానికి చాలాసేపు పడుతుంది కదా. నీలాలవలసోళ్ళ తెల్లబియ్యం ఇట్టే మెత్తబడిపోతుంది. ముందు ఎర్రవి పోసి, అవి సగం ఉడికాక తెల్లవి పొయ్యాలి. అక్కడున్న ఆడాళ్ళందరికీ తెలుసు ఆ సంగతి! కానీ ముందు వాళ్ళు పోస్తారా, ముందు మేం పోస్తామా అని పంతం. అందుకని రెండు చేటలూ ఒక్కసారే దభాల్న బోర్లించేశారు. ఏం తెలివో!

"మాట చెప్పవే," అన్నాడు సన్యాసి.

"ఉడికాక చెప్తా," అంది వరహాలు. ఏం చెప్తుంది? నోట్లో ఏమీ లేదు.

కాసేపయ్యాక బంగారి అత్త రెండు మెతుకులు నోట్లో వేసుకుంది. "అబ్బా, నా పన్ను! ఇవి బియ్యమా, గులకరాళ్ళా?"

"మీవి చూసుకో, చీమిడిలా కారిపోతున్నాయి!" అన్నాడు సన్యాసి.

అప్పుడు ఇటోళ్ళు లేచారు. అటోళ్ళు లేచారు. తుండుగుడ్డలు దులిపి భుజానేసుకున్నారు. బాసికం కట్టుకున్న గంగులు మొహం సున్నం కొట్టినట్టయిపోయింది.

వరహాలు పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పొయ్యి దగ్గరికి ఉరికింది. ముందు బిందెడు నీళ్ళు పోసి మంట ఎగదోసింది. బాగా ఉడికాక పప్పుగుత్తి పెట్టి మెదిపి మెదిపి వదిలింది. ఆ తర్వాత కుండ దించి, చల్లారబెట్టి, చల్లటి మజ్జిగ పోసి, ఉప్పేసి, ఉల్లిపాయలు తరిగి పడేసింది. ఇక కుండలో ఎర్రదీ లేదు, తెల్లదీ లేదు. ఉన్నది జావ.

కానీ పెళ్ళిలో జావ ఎవరు తాగుతారే? ఎవరూ కదలట్లేదు. నడినెత్తిన ఎండ. పొద్దున్నించీ ఒక్కరి కడుపులోనూ ఏమీ పడలేదు. వరహాలు ఒళ్ళంతా చెమట, కళ్ళనిండా పొగ. పిచ్చికోపం వచ్చి గరిటె పైకెత్తింది.

"ఏయ్! మీకు ఆకలేస్తోందా లేదా?"

"వేస్తోంది!"

రెండూళ్ళూ ఒక్కసారే అరిచాయి! ఒకే గొంతులాగ. అని, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నాలిక్కరుచుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు కలిసి అన్న మొదటి మాట అదేనే!

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పందిరంతా నవ్వులే.

బంగారి అత్త ఆకుదొప్ప చాపింది. "పొయ్యవే కోడలా. ఉల్లిపాయలు కాస్త ఎక్కువెయ్యి."

"రోజూ పొలంలో తాగేది ఇదేగా, నాకూ పొయ్యి," అని సన్యాసి వచ్చి ఆవిడ పక్కనే గొంతుక్కూచున్నాడు.

"మేమూ ఇదే తాగుతాం," అంది బంగారి అత్త.

పంతులుగారు మూతికి మజ్జిగ మీసాలతో "ముహూర్తం, ముహూర్తం!" అని పరిగెత్తుకొచ్చారు. గంగులు తాళి కట్టేశాడు. వరహాలు అప్పుడు వదిలింది చూడు ఊపిరి, హమ్మయ్యా అని! కాలవ అవతలిదాకా వినబడిందట.

ఇప్పటికీ ఆ ఊళ్ళల్లో పెళ్ళయితే పెళ్ళికూతురు గరిటె పట్టుకుని కలబోత మాటగా అదే అడుగుతుంది. అందరూ వేస్తోందని అరిస్తేనే తాళి. అక్షరం మార్చరు.

జావంతా అయిపోయె కుండలో,
కథ ఎక్కి కూచుంది కంచి బండిలో,
కళ్ళు మూసుకోవే తల్లీ, అమ్మమ్మ ఒడిలో!