చిలుక రెక్కల్లోని పసుపు

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు, పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు హేమాంగి అనే రాకుమారిని తెల్లరాతి బొమ్మగా మార్చి, ఆ బొమ్మ ముందు మూడు గిన్నెలు పెట్టాడు. ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో నీలం.

"సిగలో కనకాంబరాలకూ, వంకాయరంగు రవికకూ, చిలకపచ్చ చీరకూ ఈ మూడింటితోనే రంగు వెయ్యాలి. పొద్దుగూకేలోగా వేస్తే బొమ్మకు ప్రాణం వస్తుంది. వెయ్యలేకపోతే నువ్వూ రాయివే" అనేవాడు వచ్చినవాళ్ళతో.

రాకుమారిని విడిపించడానికి రాజు పెద్దకొడుకు వెళ్ళాడు. మూడు రంగులూ ఒకేసారి కలిపాడు. బురద రంగు వచ్చింది. రాయయ్యాడు. రెండోవాడు వెళ్ళాడు. ఇంకా గట్టిగా కలిపాడు. బురదే వచ్చింది. రాయయ్యాడు.

మూడోవాడు మణిధరుడు. అతన్ని చూసి మాంత్రికుడి పంజరంలోని చిలుక నవ్వింది.

"నువ్వూ బురద పిసకడానికే వచ్చావా, రాకుమారా?"

"రంగులు కలపడం నాకెవరూ నేర్పలేదు. నువ్వు నేర్పు."

"రెండేసి కలుపు. లేతది ముందు పొయ్యి. ముదురుది చుక్కచుక్కగా వెయ్యి."

కొంచెం పసుపు తీసి, ఎరుపు చుక్కలు వేశాడు. కనకాంబరం రంగు వచ్చింది. ఎరుపులో నీలం చుక్కలు వేశాడు. వంకాయ రంగు వచ్చింది. పూలకూ, రవికకూ వేశాడు. పొద్దు వాలుతోంది. మణిధరుడికి తొందర పుట్టింది. మిగిలిన పసుపంతా నీలం గిన్నెలో గుమ్మరించాడు.

"అయ్యో, తిరగేశావు!" అంది చిలుక.

నీలం పసుపును మింగేసింది.

"వెనక్కి తియ్యలేమా?"

"గిన్నెలో కలిసినవి విడిపోవు. నా రెక్కల పచ్చ మాత్రం మంత్రంతో కలిపింది. అందులో పసుపుంది, కడిగి తీసుకో. కరాళుడు తన ప్రాణం నా పచ్చరంగులో దాచుకున్నాడు. అది పోతే వాడూ పోతాడు, నా మాటా పోతుంది."

"ఇంకో దారి లేదా?"

"ఉండేది. ఇందాకే గిన్నెలో పోశావు."

మణిధరుడు రెక్కలు కడిగాడు. పసుపు దిగింది. ఈసారి అందులో నీలం చుక్కచుక్కగా వేశాడు. చిలకపచ్చ వచ్చింది. మాంత్రికుడు కూలిపోయాడు. చీరకు రంగు పడగానే హేమాంగి కళ్ళు తెరిచింది. అన్నలు లేచారు. చిలుక మాత్రం నీలంగా, మాట లేకుండా మిగిలింది.

హేమాంగితో మణిధరుడికి పెళ్ళయింది. అతను నలభై ఏళ్ళు రాజ్యం చేశాడు. రోజూ పొద్దున్నే ఊళ్ళో పిల్లలకు తనే రంగులు నేర్పేవాడు.

"లేతది ముందు. ముదురుది చుక్కచుక్కగా" అని చెప్పి, భుజం మీది నీలం చిలుక వైపు తిరిగేవాడు. "సరిగ్గా చెప్పానా?"

నలభై ఏళ్ళూ అడిగాడు. అది ఒక్కసారీ పలకలేదు. అతను అడగడం మానలేదు.