గేటు దగ్గరి గడియారం

డాక్టర్ ఫణీంద్ర మూడు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. గుండెపోటుతో వచ్చిన తాపీమేస్త్రీ ఒకడు అతని చేతుల్లోనే పోయాడు. మనిషి పోయాడన్న బాధ ఒకటి, పైవాళ్లు సంజాయిషీ అడిగారన్న ఉక్రోషం ఇంకొకటి.

అతను పనిచేసే ఆస్పత్రి ఎమర్జెన్సీకి పెద్దదిక్కు డాక్టర్ మస్తానమ్మ. కాలేజీలో చదివింది పోగా మిగిలిన వైద్యమంతా ఫణీంద్రకి నేర్పింది ఆవిడే. కేసు షీటు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"చూడండి మేడమ్. పదీ పదికి మంచం మీదికొచ్చాడు. పదిన్నరకల్లా ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేశాను. ఇరవై నిమిషాలు. ఇందులో నా తప్పేముంది?"

కాగితం మీద కేసు కడిగిన ముత్యంలాగే ఉంది. ఆవిడ మాత్రం దాన్ని ముట్టుకోలేదు. వాచ్‌మన్ కోటయ్యను పిలిపించింది.

"ఆ మేస్త్రీ ఎప్పుడొచ్చాడు కోటయ్యా?"

"తొమ్మిదిన్నరకే ఆటో దిగాడమ్మా. చీటీ కోసం లైన్లో నిలబడ్డాడు. తీరా కిటికీ కాడికొచ్చాక ఆధార్ కార్డేదన్నారు. పెళ్లాం ఇంటికి పరిగెత్తింది. అందాకా ఆ అరుగు మీదే కూచున్నాడు, రొమ్ము రుద్దుకుంటా."

ఫణీంద్ర షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మస్తానమ్మ లేచింది. స్టూలు లాక్కుని ఎక్కి, ఎమర్జెన్సీ గోడ మీది గడియారం తీసింది. బయటికి నడిచి గేటు పక్కన మేకుకు తగిలించింది. "ఇకమీద గుండెపోటు కేసుకి లెక్క మంచం నుంచి కాదు, ఇక్కణ్నుంచే," అంది.

సూపరింటెండెంటు పరుగున వచ్చాడు. "చీటీ లేందే మంచం ఎక్కించకూడదని రూలుంది కదండీ. ఇదేం మొండితనం?"

"ఆ రూలు గుండెకి ఎవరైనా చదివి వినిపించారా?" అని, చేతులు దులుపుకుని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. అరటిపళ్ల బండి తోసుకునే మనిషి ఒకడు చెమటతో తడిసిపోయి, ఛాతీ పట్టుకుని దిగాడు. వెంట ఎవరూ లేరు. రోడ్డు మీద కూలబడితే ఎక్కించుకొచ్చిన ఆటోవాడికి అతని పేరు కూడా తెలియదు.

ఫణీంద్ర తలెత్తి గడియారం చూశాడు. రెండూ అయిదు. స్ట్రెచరు తనే లాక్కొచ్చి, మనిషిని పడుకోబెట్టి, లోపలికి తోశాడు.

చీటీల గుమాస్తా అడ్డం వచ్చాడు. "పేరే తెలియకపోతే చీటీ మీద ఏం రాయను సార్? రేపు అడిగేది నన్నే."

"నా పేరు రాసుకో," అన్నాడు ఫణీంద్ర, స్ట్రెచరు ఆపకుండానే.